ఉదాహరణకు మా బాపు

ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పాఠంలో ఆ మాట ఉంది. వరదకు ఇల్లు కొట్టుకుపోయిన ఒక ముసలి రైతు గట్టు మీద నిలబడి నీళ్ళ వైపు చూస్తుంటాడు. అతని ముఖం ‘స్టోయిక్’గా ఉందని రాశారు. ముందు వరుసలో కూర్చునే అమ్మాయి లేచి, “టీచర్, స్టోయిక్ అంటే?” అని అడిగింది.

నాకు ఆ మాట తెలుసు. పుస్తకాల్లో చాలాసార్లు ఎదురైంది. కానీ క్లాసంతా నా వైపు చూస్తుంటే తెలిసిన సంగతి కూడా నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. కాశిబుగ్గ దగ్గరి ఈ చిన్న బడిలో చేరి రెండేళ్ళు దాటినా అంతే. బోర్డు వైపు తిరిగి ఆ మాటను మెల్లగా రాశాను. రాస్తున్నంత సేపూ ఎవరి ముఖమూ చూడక్కర్లేదు.

“లోపల నొప్పి ఉంటుంది. కానీ బయటికి చెప్పరు. ముఖంలో కూడా కనపడనివ్వరు,” అన్నాను.

“అంటే కోపంగ ఉంటరా టీచర్?”

“కోపం కాదు.”

“మరి సిగ్గా? మీ లెక్క?”

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ధైర్యం తెచ్చుకుని, “నా లెక్క కాదు. మా బాపు లెక్క,” అన్నాను.

అప్పటిదాకా బడిలో మా ఇంటి సంగతి ఒక్కటి కూడా చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. మా బాపు కొత్తవాడలో నేల మీద పరిచే దర్రీలు నేస్తాడని, ఒకసారి పని మధ్యలో నూలును కొట్టే ఇనుప పంజా పన్ను బొటనవేలిలో దిగిందని, వేలికి నూలు పోగు చుట్టుకుని అట్లాగే నేశాడని. అప్పుడు ఎర్ర రంగు నూలు నడుస్తోంది. రక్తం ఎక్కడ పడిందో పక్కనే కూర్చున్న అమ్మకు కూడా తెలియలేదు. సాయంత్రం చెయ్యి కడుక్కుంటుంటే బకెట్లో నీళ్ళు చూసి ఆమె అరిచింది.

పిల్లలకు పాఠం కంటే ఆ కథ ఎక్కువ నచ్చింది. కొత్త మాటతో సొంత వాక్యం రాయమంటే సగం మంది ఒకే వాక్యం రాసుకొచ్చారు: మా టీచర్ వాళ్ళ నాన్న స్టోయిక్. అన్నిటికీ ఎర్ర సిరాతో టిక్కులు పెట్టాను.

ఆ మాటకు తెలుగులో ఏమనాలో మాత్రం నాకు తేలలేదు. నిఘంటువు ‘నిర్వికారుడు’ అంటుంది. ఆ మాట మా వాడలో ఎవరి నోటా వినలేదు. ఎదురింటి పెద్దమ్మ మాకు చుట్టమేమీ కాదు గాని, బాపును మర్ది అనే పిలుస్తుంది. ఆమె మాటలో అది గుండె నిబ్బరం. “మా మర్ది గుండె నిబ్బరం మొగోళ్ళల్ల ఎవ్వరికి లేదు,” అంటుంది. అమ్మ మాటలో అది రాయి. “రాయితోని కాపురం జేస్తాన. రాయికైన వానకు తడి తాకుతది,” అంటుంది, బాపు వినేటట్టుగానే. బాపు వింటాడు. నూలు తోసి మళ్ళీ కొడతాడు.

నా డైరీలో ఇట్లాంటి మాటలను వేరు చేసి రాసుకోవడం నాకు అలవాటు. రిజర్వ్‌డ్ అంటే నేను. మాట్లాడాలని ఉంటుంది, జంకు అడ్డం వస్తుంది. కోల్డ్ అంటే లోపల కూడా ఏమీ లేని మనిషి. మా బాపు ఆ రెండూ కాదు. నాకు ఈ ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు “మంచిదే” అని ఒక్క మాట అని బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి కాగితం పొట్లంలో వేడి మిరపకాయ బజ్జీలు తెచ్చి, నా పుస్తకాల పక్కన పెట్టి, మగ్గం మీదికి వెళ్ళాడు. బాపు దాచేది నొప్పిని మాత్రమే కాదు. నిఘంటువులో ఆ సంగతి లేదు. ఆ మాటకు నిఘంటువు రాసినవాళ్ళ కంటే నేనే బాగా అర్థం చెప్పగలనని అప్పుడు అనుకున్నాను.

మా ఇంటి ముందు గదంతా మగ్గమే. వెడల్పు దర్రీ కాబట్టి ఒక పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఎడమ వైపు బాపు, కుడి వైపు అమ్మ. పెళ్ళయినప్పటి నుంచీ అవే జాగాలు. రంగు నూలును చేత్తో అడ్డంగా తోసి, పంజాతో కొట్టి కిందికి దించుతారు. పంజా అంటే ఇనుప పళ్ళున్న బరువైన దువ్వెన లాంటిది. దెబ్బ గట్టిగా పడితే నూలు బిగుస్తుంది, మెత్తగా పడితే వదులుగా ఉండిపోతుంది. అందుకే ఇద్దరి దెబ్బా ఒకే బరువులో పడాలి. లేకపోతే ఒక వైపు బిగిసి, ఒక వైపు ఉబ్బి, దర్రీ వంకర పోతుంది.

ఇద్దరిలో ఒకరికి బలం తక్కువుంటే రెండోవాళ్ళు తమ దెబ్బ తగ్గించుకుంటారు. మా వాడలో ఈ పద్ధతి ఎవరూ ఎవరికీ నేర్పరు. చిన్నప్పుడు సెలవుల్లో అమ్మ జాగాలో నేను కూర్చునేదాన్ని. ఆ రోజుల్లో బాపు దెబ్బ సగమయ్యేది. నా చేతికి సరిపోయేటట్టు తగ్గించుకున్నాడని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. అప్పట్లో మాత్రం నేను బాగానే కొడుతున్నానని గర్వపడ్డాను.

గోడ అవతల ఆ చప్పుడు ఉంటేనే నాకు చదువు సాగేది. బాపు చేతికి ఒక వరస ఉంది. రెండు దెబ్బలు బరువుగా, మూడోది తేలికగా, నూలును తట్టి చూసినట్టుగా. ఎన్ని మగ్గాలు మోగుతున్నా వీధి మలుపు నుంచే అది మా ఇల్లని గుర్తుపట్టేదాన్ని.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఆదివారం పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. మూడో దెబ్బ వినపడలేదు. తల ఎత్తాను. మళ్ళీ విన్నాను. రెండు బరువైన దెబ్బలు, తరువాత ఖాళీ. ఆ ఖాళీలో అమ్మ పంజా కూడా ఆగి ఎదురుచూస్తోంది. నూలు అయిపోయిందేమో అనుకుని పేపర్లలో పడ్డాను. కొన్నాళ్ళకు రెండు దెబ్బలు ఒకటయ్యాయి. ఖాళీ పెరిగింది.

ఆ వారమే సేటు వచ్చాడు. మాకు నూలు ఇచ్చి, నేసిన దర్రీలు తీసుకువెళ్ళేది ఆయనే. స్కూటర్ గడపకు ఆనించి పెట్టి, చెప్పులు విడిచి, దర్రీని నేల మీద పరిపించుకుని చూశాడు. ఎడమ కొస నేలకు ఆనలేదు. కాలితో తొక్కాడు. కాలు తియ్యగానే మళ్ళీ లేచింది.

“ఏందన్నా, ఈ కొస పడగెత్తుతాంది?”

“నూలు మారింది,” అన్నాడు బాపు.

“ఒక్క దిక్కే మారిందా? వదినె దిక్కు చూడు, రోడ్డేసినట్టున్నది!”

“మా ఆయన ముసలోడైతాండు సేటూ,” అంది అమ్మ. “ఇగ నాకు ఈడుగాడు. నువ్వే చూడాలె ఇంకో సంబంధం.”

సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. గడపలో నిలబడి ఉన్న పెద్దమ్మ నవ్వింది. బాపు పెదవి కూడా కొంచెం కదిలింది. సేటు దర్రీ చుట్టుకుని వెళ్తూ వెళ్తూ, “వదినె, జర మెత్తగ కొట్టు. అన్న పరువు తీస్తానవ్,” అన్నాడు.

తరువాతి దర్రీ చదునుగా వచ్చింది. నాలుగు కొసలూ నేలకు ఆనాయి. సేటు ఒక్క మాట అనకుండా తీసుకున్నాడు. మగ్గం చప్పుడు కూడా ఒక తీరుకు వచ్చింది. కానీ వీధి మలుపు దగ్గర అది నాకు వినపడటం మానేసింది. పక్కింటి మగ్గం దాటి మా గడప దగ్గరికి వస్తే గాని తెలిసేది కాదు. మడత పెడదామని ఆ దర్రీని పట్టుకుంటే వరుసల మధ్యన నా వేలు దూరింది. మా ఇంటి దర్రీలో వేలు దూరడం నేను ఎన్నడూ చూడలేదు.

అమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతుంటే పక్కన కూర్చుని అడిగాను.

“మెత్తగ కొడ్తానవేందమ్మా?”

“మీ బాపు చెయ్యికి సరిపోవాలె గద.”

“బాపు చెయ్యికేమైంది?”

“ఏమైతది? వయసు. జర గ్యాస్ వడ్తాందట.”

“బాపు చెప్పిండా?”

“ఆయనెప్పుడు చెప్పిండు, నేనెప్పుడు విన్న?” అమ్మ ఒక కాయను తుంచకుండా చేతిలోనే పట్టుకుంది. “సోడా తాగొస్తాండు. గంతే. నువ్వు ఫికర్ వెట్టుకోకు. దర్రీ మంచిగనే వస్తాంది గద.”

దర్రీ మంచిగా రావడమే నాకు భయం వేసింది. వంకర పోయిన కొస ఒక్కటే అప్పటిదాకా బాపు సంగతి చెప్పింది. అమ్మ తన చేతిని తగ్గించి దాన్ని కూడా సరిచేసేసింది. ఇప్పుడు చూసేవాళ్ళకు ఏమీ కనపడదు.

నూలు చెత్త వేసే గంపలో అడుగున, రంగు పోగుల కింద, గ్యాస్‌కు నీళ్ళల్లో కలుపుకుని తాగే పొడి ప్యాకెట్లు ఖాళీవి కనపడ్డాయి. పైన పోగులు కప్పి ఉన్నాయి. వాటంతటవే పడినట్టు లేవు, ఎవరో పేర్చినట్టున్నాయి. నేను కూడా వాటిని మళ్ళీ కప్పేశాను. ఎందుకు కప్పానో తెలియదు. మా ఇంట్లో చెయ్యి అట్లాగే వెళ్తుంది.

తరువాత కొద్ది రోజులకు బడి నుంచి వస్తూ చౌరస్తాలో ఆటో దిగాను. ముందు కొంత దూరంలో బాపు నడుస్తున్నాడు. చేతిలో చిన్న నూలు కట్ట. పిలుద్దామనుకున్నాను గాని, వీధిలో గట్టిగా పిలవడం నాకు రాదు. వెనకాలే నడిచాను.

సినిమా పోస్టర్ అంటించిన గోడ దగ్గర బాపు ఆగాడు. నాకు నవ్వొచ్చింది. బాపు సినిమాకు వెళ్ళడం నా ఎరుకలో లేదు. కాసేపు చూసి కదిలాడు. కోళ్ళ దుకాణం ముందు ఆగాడు, గంపలో కోళ్ళను చూస్తూ. కదిలాడు. స్టీలు సామాన్ల దుకాణం ముందు మళ్ళీ ఆగాడు. లోపలి నుంచి ఎవరో “ఏం గావాలె కాకా?” అన్నారు. తల అడ్డంగా ఊపి కదిలాడు. మలుపులో ఇంకో పోస్టర్ ఉంది. ఈసారి నేను దగ్గరికి వచ్చాను. పక్క నుంచి చూశాను. బాపు కుడి అరచెయ్యి పోస్టర్ మీది హీరో ముఖానికి ఆనించి ఉంది. నూలు కట్ట ఉన్న ఎడమ చెయ్యి ఛాతీకి అదిమి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి. ముఖంలో ఏమీ లేదు. పాఠంలోని ముసలి రైతుకు ఎవరైనా బొమ్మ వేస్తే ఆ ముఖమే వెయ్యాలి.

నేను వెనక్కి జరిగి, పక్క సందులో నుంచి తిరిగి ఇంటికి వెళ్ళాను. నా తరువాత కాసేపటికి వచ్చాడు.

“ఆటో దొరికిందా?” అన్నాడు.

“ఆ,” అన్నాను.

ఆ సాయంత్రం నిఘంటువు మళ్ళీ తీశాను. ఈసారి అర్థం కోసం కాదు, వాడుక కోసం. ఫోన్లో కూడా వెతికాను. ఆ మాట ఉన్న వాక్యాలు వరుసగా చదివాను. వాటిలో ఒకరు జబ్బును మౌనంగా భరిస్తుంటారు. ఒకరు శవపేటిక పక్కన కన్నీరు పెట్టకుండా నిలబడి ఉంటారు. ఒకరు చివరి దాకా మూలగరు. మంచం, వైద్యుడు, తెల్ల దుప్పటి. హాయిగా ఉన్న మనిషి గురించి ఆ మాట వాడిన వాక్యం ఒక్కటి కూడా నాకు దొరకలేదు. నేను స్టోయిక్‌ను అని తన గురించి తాను చెప్పుకున్న మనిషి కూడా కనపడలేదు. అది పక్కన నిలబడి చూసేవాళ్ళు అనే మాట. ఎక్కువగా, అయిపోయిన తరువాత అనే మాట. నేను మాత్రం మా బాపుకు దాన్ని ముందుగానే తగిలించి, పిల్లలతో నోట్సుల్లో రాయించాను.

దసరా సెలవులు మొదలైన రోజు అమ్మకు మరిపెడ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె చెల్లెలి కూతురికి కాన్పు అయింది, సాయానికి రమ్మన్నారు. మగ్గం మీద దర్రీ సగంలో ఉంది. సెలవుల్లోనే కావాలని సేటు ముందే చెప్పాడు.

“నేను కూసుంట,” అన్నాను.

అమ్మ సంచి సర్దుతూ నన్ను పక్కకు పిలిచింది. “మెత్తగ కొట్టు బిడ్డా. ఆయనకు తెల్వకుంట,” అని చెవిలో చెప్పి బస్సెక్కింది.

మరునాడు పొద్దున బాపు పక్కన కుడి వైపు కూర్చున్నాను. పంజా పట్టి చాలా రోజులైంది. అరచేతికి బరువుగా తగిలింది. అమ్మ చెప్పినట్టే మెత్తగా కొట్టాను. బాపు దెబ్బ పక్కన పడింది. అది ఎంత తేలికయిందో దగ్గర నుంచి వింటే గాని తెలియలేదు. నూలును తట్టి చూసే పాత మూడో దెబ్బ అంత మాత్రమే ఉంది.

కొన్ని వరుసలయ్యాక బాపు ముందుకే చూస్తూ అన్నాడు.

“గట్టిగ కొట్టు.”

“కొడ్తాన బాపూ.”

“కొడ్తలేవు. మీ అమ్మ కూడ కొడ్తలేదు. నాకు తెల్వదనుకుంటాండ్రా?”

పంజా నా చేతిలోనే ఉండిపోయింది. అమ్మకు తెలుసు. నాకు తెలుసు. మాకు తెలుసని బాపుకూ తెలుసు. ముగ్గురమూ ఇన్నాళ్ళూ ఒకరికొకరు సరిపోయేటట్టు ఊరుకున్నాం.

“గట్టిగ కొట్టు బిడ్డా. నేనొస్త,” అన్నాడు.

కొట్టాను. నాకున్న బలమంతా పెట్టి కొట్టాను. బాపు నా దెబ్బకు సమంగా వచ్చాడు. మళ్ళీ కొట్టాను. వచ్చాడు. రెండు బరువుగా, ఒకటి తేలికగా. ఎన్నో రోజులకు ఆ పాత వరస గదిలో మోగింది. ఒక్క క్షణం, ఏమీ లేదు, అంతా నా ఊహే అనిపించింది. తల తిప్పి చూశాను. చెంప మీది నుంచి గడ్డం దాకా చెమట. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. పెదవులు బూడిద రంగులో ఉన్నాయి. ముఖంలో మాత్రం ఏమీ లేదు. నూలు తోశాడు. పంజా ఎత్తాడు.

నేను నా పంజాను ఒళ్ళో పెట్టుకున్నాను.

“ఎందుకాపినవ్?”

నేను మాట్లాడలేదు. మాట్లాడితే “ఏం లేదు, గ్యాస్” అంటాడు. ఆ మాటకు ఎదురు చెప్పే నోరు నాకు లేదు. అందుకే పంజాను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఒక్క వైపు కొడితే దర్రీ పాడవుతుంది. బాపు ఒక్కడే కొట్టడు.

“పని కావాలె బిడ్డా.”

నేను కదలలేదు. బాపు కూడా పంజా దించాడు. ఇద్దరం ముందున్న నూలును చూస్తూ కూర్చున్నాం. పక్కింటి మగ్గం, ఆ పక్కింటి మగ్గం మోగుతున్నాయి. పనివేళ ఒక ఇంటి మగ్గం ఆగిపోతే మా వాడలో ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. నాకు ఉన్న ధైర్యమంతా అదే. ఎవరైనా వచ్చేదాకా పంజా ఎత్తకుండా ఉండటం.

పెద్దమ్మే వచ్చింది, చేతికి పిండి అంటుకుని ఉండగానే.

“ఏం సప్పుడు లేదు? బిడ్డ అలిసిందా, మర్ది అలిసిండా?”

“బిడ్డ అలిసింది,” అన్నాడు బాపు.

“కాదు పెద్దమ్మా,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. “బాపుకు ఛాతీల నొప్పి లేస్తాంది. శానా రోజుల సంది. నడుస్తె లేస్తది, కొడితె లేస్తది. ఇప్పుడు గూడ ఉన్నది.”

బాపు నా వైపు తిరిగాడు. కోపం లేదు. నా గుట్టు నువ్వెట్లా విప్పినవ్ అన్నట్టు ఒక చూపు. పెద్దమ్మ ఒక్క అడుగులో వచ్చి ఆయన మెడ మీద చెయ్యి పెట్టింది. చెమటకు చెయ్యి జారింది.

“ఓరి నీ నిబ్బరం తగలెయ్య! లే మర్దీ. దవాఖానకు.”

“గ్యాస్ వదినె. జరసేపైతె…”

“గ్యాసో గీసో ఆళ్ళు చెప్తరు. నువ్వు చెప్పకు. లే!”

పెద్ద దవాఖానలో ఛాతీకి వైర్లు పెట్టి ఈసీజీ తీశారు. డాక్టరమ్మ నా కంటే కొంచెం పెద్దది, అంతే. పక్కన ఒక కుర్ర డాక్టర్ రాసుకుంటున్నాడు.

“నొప్పి ఎంత ఉంది పెద్దాయనా?”

“ఏం లేదమ్మా.”

“ఇప్పుడు?”

“లేదు.”

కుర్ర డాక్టర్ అదే రాయబోయాడు. ఆమె కాగితం పట్టీని వేళ్ళ మధ్యన జరుపుతూ అతనితో ఇంగ్లిష్‌లో అంది: ఈయన స్టోయిక్, ముఖం చూసి రాయొద్దు, దీన్ని చూసి రాయి.

ఆ మాటను ఒక మెచ్చుకోలుగానే అప్పటిదాకా ఎరుగుదును. ఆమె నోట అది ప్రమాదానికి కట్టే ఎర్ర జెండాలా వినపడింది. ఈ మనిషి చెప్పేదాన్ని నమ్మొద్దు అనే అర్థం ఏ నిఘంటువులోనూ నేను చూడలేదు.

“ఏమన్నది డాక్టరమ్మ?” అని బాపు మెల్లగా అడిగాడు.

“నువ్వు నొప్పి చెప్పవన్నది.”

“నిజమే గద,” అన్నాడు. ఆయనకు అది మెచ్చుకోలుగానే వినపడింది.

గుండెకు వెళ్ళే నాళం ఒకటి దాదాపు మూసుకుపోయింది. మరిపెడ నుంచి అమ్మ వచ్చేసరికి బాపును లోపలికి తీసుకెళ్ళారు. స్టెంటు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ అమ్మనూ నన్నూ పక్కన కూర్చోబెట్టి చెప్పింది. ఇంకో నాళం కూడా సన్నబడి ఉంది, మందులతో చూద్దాం. బరువు పని వద్దు. నొప్పి వస్తే నాలుక కింద ఈ మాత్ర పెట్టి వెంటనే తీసుకురావాలి, ఆలస్యం చేస్తే తన చేతిలో ఉండదు. “ఆయన చెప్పడు. మీరే కనిపెట్టాలి,” అంది.

అమ్మ ఆటోలో దారి పొడుగునా మందుల సంచిని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరాక మగ్గం పలక మీద కూర్చుని, ఎవరికి చెప్తున్నట్టో, “దర్రీ మంచిగ రావాలె అనుకున్న,” అంది. అంతే.

అప్పటి నుంచి ఎడమ వైపు పెద్దమ్మ కూర్చుంటోంది. అమ్మ పాత బలంతో కొడుతుంది. పెద్దమ్మ కూడా అంతే గట్టిగా కొడుతుంది. ఆమె దెబ్బకు ఒక వరస లేదు. “నీ పతివ్రత దెబ్బలు నాకు రావు చెల్లే, నాకచ్చినట్టు కొడ్త,” అంటుంది. బాపు గడప దగ్గర కూర్చుని కండెలకు నూలు చుడుతుంటాడు.

రోజూ బడికి వెళ్ళే ముందు, వచ్చాక నేను అడుగుతాను. “నొప్పుందా బాపూ?”

“లేదు.”

ఆ జవాబును నేను వినడం మానేశాను. వేరేవి చూడటం మొదలుపెట్టాను. కండె తిప్పే వేగం. మెట్టు ఎక్కేటప్పుడు గోడకు చెయ్యి ఆనిందా. అన్నంలో ఎంత వదిలేశాడు. వీధిలోకి వెళ్తే ఎక్కడైనా ఆగాడా. పుస్తకం చదివేటప్పుడు కూడా నేను ఇంత దగ్గరగా చదవలేదేమో. ఆ పేజీ మాత్రం ఎప్పుడు తీసినా ఖాళీగానే ఉంటుంది.

బడిలో పరీక్షల ముందు పాత పాఠాలు తిరగేస్తుంటే ఆ మాట మళ్ళీ వచ్చింది. ముందు వరుస అమ్మాయి చెయ్యెత్తి, “టీచర్, మీ బాపు ఇంకా స్టోయికేనా?” అంది.

“ఆ,” అన్నాను. పేజీ తిప్పమన్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం. అన్నాలు తిని అమ్మా, పెద్దమ్మా మగ్గం ఎక్కారు. ఎవరి పెళ్ళి గురించో మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ కొడుతున్నారు. నేను గోడకు ఆనుకుని నోట్సులు దిద్దుతున్నాను. బాపు గడప దగ్గర ఎర్ర నూలు చుడుతున్నాడు. కండె ఆయన చేతిలో నుంచి జారి, నేల మీద దొర్లుకుంటూ, ఎర్ర పోగును వెనకాల విడుచుకుంటూ, నా కాలి దగ్గర ఆగింది.

బాపు దాన్ని చూశాడు. లేవలేదు. చెయ్యి చాపలేదు.

అలవాటు కొద్దీ అడిగాను. “నొప్పుందా బాపూ?”

బాపు అమ్మ వీపు వైపు చూశాడు. ఆమె పంజా ఎత్తి కొడుతోంది. తరువాత నా వైపు చూశాడు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

“జర్ర ఉంది,” అన్నాడు.

ఇన్ని నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను. బాపు ఒక్కసారి చెప్తే చాలు, ఇక భయం ఉండదనుకున్నాను. ఇనుప పన్ను వేలిలో దిగితే పోగు చుట్టుకున్న మనిషి. నాళం మూసుకుపోతుంటే గ్యాస్ అన్న మనిషి. వైర్లు పెట్టినా లేదన్న మనిషి. ఆ మనిషి కొలతలో జర్ర అంటే ఎంత?

మాత్ర తీసి నాలుక కింద పెట్టాను. బాపు బుద్ధిగా నోరు తెరిచాడు, చిన్న పిల్లాడిలాగా. అది చూసి ఇంకా భయం వేసింది.

“అమ్మా!”

క్లాసులో చివరి బెంచీ దాకా వెళ్ళని గొంతు నాది. రెండు పంజాలు ఒక్కసారే ఆగిపోయాయి. ఇంట్లో చప్పుడన్నది లేకుండా పోయింది. వీధిలో ఎవరిదో మగ్గం ఆగింది. దాని పక్కది కూడా ఆగింది. ఎవరిదో తలుపు తెరుచుకుంది, మా ఇంటి వైపు పరుగెత్తి వస్తున్న కాళ్ళ చప్పుడు వినపడింది. నేను బాపు చెయ్యి పట్టుకుని చెప్పులు లేకుండానే గడప దాటించాను.